ప్రోటోటైప్ లింకు ఎక్కడి నుంచి ఇవ్వాలి: డ్రైవ్, బకెట్, స్టాటిక్ హోస్టింగ్‌లలో ఏది మేలు?

మీ ప్రోటోటైప్ (నొక్కి చూసే డిజైన్ నమూనా) డిజైన్ టూల్‌లోనే ఫ్రేములు కలిపి చేసిన క్లిక్-త్రూ అయితే ఈ తంటా ఏదీ అక్కర్లేదు. ఫిగ్మా లాంటి టూల్ ఇచ్చే షేర్ లింకే చాలు. కాకపోతే ఆ లింకు ఆయుష్షు ఆ కంపెనీ చేతిలో ఉంటుంది. ఇన్‌విజన్ 2024 డిసెంబర్ 31న తన డిజైన్ సేవలు మూసేసినప్పుడు అక్కడున్న ప్రోటోటైప్ లింకులూ దాంతోపాటే పోయాయి.

అసలు చిక్కు యాక్షూర్ నుంచి ఎక్స్‌పోర్ట్ చేసిన హెచ్‌టీఎంఎల్ ఫోల్డరో, రియాక్ట్‌లో రాసి బిల్డ్ చేసిన ఫోల్డరో చేతిలో ఉన్నప్పుడు మొదలవుతుంది. అది ఒక్క ఫైలు కాదు, వందల ఫైళ్ల ఫోల్డర్. దాన్ని పంపితే సరిపోదు, ఎవరో ఒకరు వడ్డించాలి. బ్రౌజర్ ఒక్కో ఫైలూ అడుగుతుంటే, ఇది స్టైల్‌షీట్, ఇది స్క్రిప్టు, ఇది బొమ్మ అని రకం చెప్పి మరీ అందించాలి. కింద చెప్పిన తేడాలన్నీ ఈ వడ్డన దగ్గరే వస్తాయి.

డ్రైవ్ ఫోల్డర్

ఒకప్పుడు ఇది పనిచేసేది. గూగుల్ డ్రైవ్ ఫోల్డర్‌ను వెబ్‌సైటులా చూపే సౌకర్యం 2016 ఆగస్టు 31తో ఆగిపోయింది. డ్రాప్‌బాక్స్ కూడా ఉచిత ఖాతాల్లో హెచ్‌టీఎంఎల్‌ను పేజీగా చూపడం 2016 అక్టోబర్‌లో మానేసింది. డబ్బు కట్టే ఖాతాల పబ్లిక్ ఫోల్డర్ 2017 సెప్టెంబర్ 1న పోయింది. పాత పాఠాలు చదివి ఇప్పటికీ ప్రయత్నించేవాళ్లున్నారు. వాళ్లకు కనిపించేది కోడ్, లేదా డౌన్‌లోడ్ బటన్.

జిప్ చేసి పంపడం ఇంకా తలనొప్పి. విండోస్‌లో చాలామంది జిప్‌ను విప్పకుండానే లోపలున్న హెచ్‌టీఎంఎల్‌ను డబుల్ క్లిక్ చేస్తారు. అప్పుడు ఆ ఒక్క ఫైలే తాత్కాలిక ఫోల్డర్‌లోకి వస్తుంది, స్టైలూ బొమ్మలూ లేని బోడి పేజీ తెరుచుకుంటుంది. సరిగ్గా విప్పినా, డిస్కు నుంచి నేరుగా తెరిచిన పేజీలో జావాస్క్రిప్ట్ మాడ్యూళ్లనూ ఫెచ్ కాల్స్‌నూ బ్రౌజర్ అడ్డుకుంటుంది, కాబట్టి బిల్డ్ చేసిన ప్రోటోటైప్ తెల్ల తెరగా మిగులుతుంది. ఫోన్‌లో చూడమని అడగడం అనవసరం. డ్రైవ్‌ను సోర్సు ఫైళ్లు దాచడానికీ, యూజర్ టెస్ట్ రికార్డింగులు పంచుకోవడానికీ ఉంచుకోండి.

బకెట్: వంట మీదే, వడ్డన మీదే

బకెట్ అంటే క్లౌడ్‌లో ఫైళ్లు దాచే గది. అమెజాన్ ఎస్3, గూగుల్ క్లౌడ్ స్టోరేజ్, అజ్యూర్ బ్లాబ్ మూడూ ఫోల్డర్‌ను వెబ్‌సైటులా వడ్డించగలవు. కానీ మూడింటి పద్ధతి ఒకటి కాదు.

ఎస్3లో చాలామంది మొదట పట్టే దారి ఇది: బకెట్ సృష్టించడం, స్టాటిక్ వెబ్‌సైట్ హోస్టింగ్ ఆన్ చేయడం, ఇండెక్స్ డాక్యుమెంట్ పేరు ఇవ్వడం, ఎవరైనా చదవొచ్చని బకెట్ పాలసీ రాయడం. 2023 ఏప్రిల్ నుంచి కొత్త బకెట్లన్నీ బయటివాళ్లకు మూసే పుడతాయి కాబట్టి, బ్లాక్ పబ్లిక్ యాక్సెస్ తీయకుండా ఆ పాలసీ సేవ్ కాదు. పాలసీలో బకెట్ పేరు చివర స్లాష్, నక్షత్రం గుర్తు మరిచిపోతే కూడా తిరస్కరిస్తుంది, ఎందుకంటే చదివే అనుమతి బకెట్‌కు కాదు, లోపలి ఫైళ్లకు ఇవ్వాలి.

ఇంత చేశాక వచ్చే వెబ్‌సైట్ చిరునామాకు హెచ్‌టీటీపీఎస్ లేదు. ఇది చిన్న లోపం కాదు. లొకేషన్, కెమెరా, సర్వీస్ వర్కర్ వాడే ప్రోటోటైప్ సురక్షితం కాని చిరునామాలో పనిచేయదు. హెచ్‌టీటీపీఎస్ పేజీలో ఐఫ్రేమ్‌గా పెట్టబోతే బ్రౌజర్ ఆపేస్తుంది. అందుకే ఎస్3 వాడదలిస్తే ఆ దారి వదిలేసి, బకెట్‌ను మూసే ఉంచి, ముందు క్లౌడ్‌ఫ్రంట్ (బకెట్‌లోని ఫైళ్లను లోకానికి అందించే అమెజాన్ సేవే) నిలబెట్టి, ఒరిజిన్ యాక్సెస్ కంట్రోల్‌తో దానికొక్కదానికే అనుమతి ఇవ్వండి. హెచ్‌టీటీపీఎస్ దాంతోనే వస్తుంది.

అక్కడ మూడు గుంటలున్నాయి. మొదటిది: క్లౌడ్‌ఫ్రంట్‌లో డిఫాల్ట్ రూట్ ఆబ్జెక్ట్ మూల చిరునామాకే వర్తిస్తుంది. లోపలి ఫోల్డర్ లింకు ఇస్తే ఇండెక్స్ పేజీ దానంతటది రాదు. లింకులో ఫైలు పేరు పూర్తిగా ఇవ్వండి, లేదా స్లాష్‌తో ముగిసే చిరునామాకు ఆ పేరు చేర్చే నాలుగు లైన్ల క్లౌడ్‌ఫ్రంట్ ఫంక్షన్ రాయండి. రెండోది: బకెట్ జాబితా చూసే అనుమతి లేనివాళ్లకు లేని ఫైలు 404 (ఫైలు లేదు)గా కాదు, 403 (అనుమతి లేదు)గా కనిపిస్తుంది. అనుమతి లోపమనుకుని పాలసీలు తిరగరాస్తూ పూట గడిపేస్తారు, తీరా చూస్తే ఫైలు పేరులో ఒక పెద్ద అక్షరం తేడా. విండోస్, మ్యాక్ మామూలుగా పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా పట్టించుకోవు. బకెట్ పట్టించుకుంటుంది. మీ ల్యాప్‌టాప్‌లో కనిపించిన బొమ్మ అక్కడ కనిపించకపోతే ముందు చూడాల్సింది ఇదే. మూడోది: కంటెంట్ టైప్. కమాండ్ లైన్ సింక్‌తో ఎక్కిస్తే ఎక్స్‌టెన్షన్ చూసి రకం ఊహిస్తుంది. సొంత స్క్రిప్టుతో ఎక్కించి రకం చెప్పకపోతే అది ఆక్టెట్-స్ట్రీమ్‌గా, అంటే రకం తెలియని ఫైలుగా మిగిలిపోతుంది, అప్పుడు పేజీ తెరుచుకోదు, డౌన్‌లోడ్ అవుతుంది.

అజ్యూర్‌లో ఈ బాధలు తక్కువ. స్టాటిక్ వెబ్‌సైట్ ఆన్ చేయగానే డాలర్ గుర్తుతో మొదలయ్యే ‘వెబ్’ అనే కంటెయినర్ ఏర్పడుతుంది. ఫోల్డర్ అందులో వేస్తే హెచ్‌టీటీపీఎస్ చిరునామా సిద్ధం, లోపలి ఫోల్డర్లకూ ఇండెక్స్ పేజీ పనిచేస్తుంది. బకెట్‌లలోనే ఎంచుకోవాల్సి వస్తే తొందర పనికి నా ఓటు దీనికే. లోపం ఒక్కటే, అదీ పెద్దది: ఆ చిరునామా అందరికీ తెరిచే ఉంటుంది, కంటెయినర్‌ను ప్రైవేట్ చేసినా ఆ వెబ్ చిరునామా మూతపడదు. గూగుల్ బకెట్‌లో సొంత డొమైన్‌కు హెచ్‌టీటీపీఎస్ కావాలంటే లోడ్ బ్యాలెన్సర్ పెట్టాలి. ఒక్క ప్రోటోటైప్ కోసం అంత సరంజామా దండగ.

స్టాటిక్ హోస్టింగ్ సేవలు

గిట్‌హబ్ పేజెస్, నెట్‌లిఫై, క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ చేసేది కూడా అదే వడ్డన, కానీ హెచ్‌టీటీపీఎస్, కంటెంట్ టైప్, ఇండెక్స్ పేజీ మీరు చూసుకోనక్కర్లేదు. నెట్‌లిఫైలోనూ క్లౌడ్‌ఫ్లేర్‌లోనూ ఫోల్డర్‌ను బ్రౌజర్‌లోకి లాగి వదిలితే చాలు.

గిట్‌హబ్ పేజెస్‌కు ప్రచురించిన సైటు 1 జీబీ దాటకూడదు, నెలకు 100 జీబీ దాకా ట్రాఫిక్ అనేది మెత్తని హద్దు. బ్రాంచ్ నుంచి నేరుగా ప్రచురిస్తే జెకిల్ (సైటు తయారుచేసే టూల్) నడుస్తుంది, అది అండర్‌స్కోర్‌తో మొదలయ్యే ఫోల్డర్లను వదిలేస్తుంది. అన్నిటికంటే పై ఫోల్డర్‌లో ‘.nojekyll’ అనే ఖాళీ ఫైలు పెడితే ఆ గొడవ ఉండదు. ప్రాజెక్ట్ సైటు రిపాజిటరీ (గిట్‌హబ్‌లో ప్రాజెక్ట్ ఫైళ్లుండే చోటు) పేరున్న ఉపఫోల్డర్‌లో ఉంటుంది కాబట్టి స్లాష్‌తో మొదలయ్యే పాత్‌లన్నీ విరుగుతాయి. వీట్ (Vite) అనే టూల్‌తో బిల్డ్ చేస్తుంటే దాని ‘base’ సెట్టింగ్‌ను చుక్క-స్లాష్‌గా (./) మార్చండి. బకెట్‌లో ఉపఫోల్డర్ వాడినా ఇదే మందు.

క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్‌లో ఒక్కో ఫైలు 25 ఎంఐబీ దాటకూడదు. పెద్ద వీడియో ఉన్న ప్రోటోటైప్ ఇక్కడే ఆగుతుంది. బ్రౌజర్ నుంచి లాగి వదిలితే 1,000 ఫైళ్ల దాకానే, అంతకు మించితే కమాండ్ లైన్. ఇంకొక విడ్డూరం: అన్నిటికంటే పై ఫోల్డర్‌లో 404 పేజీ లేకపోతే ఇది మీ సైటును సింగిల్ పేజ్ యాప్ అనుకుని, దొరకని ప్రతి చిరునామాకూ మొదటి పేజీనే ఇస్తుంది. పేజీల చిరునామాలను బ్రౌజర్‌లోనే నడిపే రియాక్ట్ రౌటర్‌కు అది వరం. కానీ ఒక స్క్రిప్టు ఫైలు తప్పిపోతే దాని బదులు హెచ్‌టీఎంఎల్ వస్తుంది, బ్రౌజర్ కన్సోల్‌లో ‘Unexpected token <’ అన్న ఎర్రర్ కనిపిస్తుంది. కోడ్‌లో తప్పు వెతక్కండి, ఫైలు పేరు చూడండి.

ఈ సేవలను బకెట్ కంటే పైన నిలబెట్టేది సులువు కాదు, వెర్షన్ల తీరు. నెట్‌లిఫై, క్లౌడ్‌ఫ్లేర్ ప్రతి డిప్లాయ్‌కూ (ఎక్కించిన ప్రతి వెర్షన్‌కూ) మారని సొంత చిరునామా ఇస్తాయి. సోమవారం టెస్ట్‌లో పాల్గొన్నవాళ్లు చూసిందేదో శుక్రవారం కూడా అదే లింకులో అలాగే ఉంటుంది, కామెంటు ఏ వెర్షన్ మీదో తగవు రాదు. పైగా కొత్త ఫైళ్లన్నీ ఎక్కాకే ఒక్కసారిగా మార్పు జరుగుతుంది. బకెట్‌లో సింక్ ఫైలు తర్వాత ఫైలుగా సాగుతుంది. ఆ నిమిషంలో తెరిచినవాళ్లకు కొత్త పేజీ, పాత స్క్రిప్టు కలిసి వస్తాయి.

బకెట్‌లోనూ ఇది సాధించొచ్చు: పాతదాని మీద ఎక్కించడం మాని, ప్రతి వెర్షన్‌కూ తేదీతో కొత్త ఫోల్డర్ తెరవండి. దీంతో క్యాష్ (దాచిపెట్టిన పాత కాపీ) బాధ కూడా తప్పుతుంది. సర్వర్ ఏమీ చెప్పకపోతే క్లౌడ్‌ఫ్రంట్ పాత కాపీని 24 గంటలు పట్టుకుంటుంది, గూగుల్ బకెట్‌లో పబ్లిక్ ఫైలు గంట, గిట్‌హబ్ పేజెస్ 10 నిమిషాలు. ఒకే చిరునామా మీద మార్చక తప్పకపోతే హెచ్‌టీఎంఎల్‌కు నో-క్యాష్ హెడర్ పెట్టండి. ఫైలు పేర్లలో హ్యాష్ (ఫైలు మారితే మారే కోడ్) లేని ఎక్స్‌పోర్ట్‌లలో ఫైళ్లన్నింటికీ పెట్టండి.

తాళం ఎవరిది గట్టిది

ఇంకా బయటపెట్టని ఫీచర్ అయితే ఈ ప్రశ్నే ముందు తేల్చుకోవాలి. ఊహించలేని పొడవైన లింకు తాళం కాదు, ఒకరు ఫార్వర్డ్ చేస్తే అయిపోయింది. జావాస్క్రిప్ట్‌తో పాస్‌వర్డ్ అడిగే పేజీ అంతకన్నా అన్యాయం: ఫైళ్లన్నీ తెరిచే ఉంటాయి.

ఎస్3 ప్రీసైన్డ్ లింకు (కొంత గడువుకే పనిచేసే లింకు) గురించి విన్నవాళ్లు దాన్నే తాళమనుకుంటారు. అది ఒక్క ఫైలుకు సంతకం. మొదటి పేజీ తెరుచుకుని, దాని స్టైలూ స్క్రిప్టూ 403తో ఆగిపోతాయి. గడువు కూడా 7 రోజులకు మించదు. ఫోల్డర్ మొత్తానికి క్లౌడ్‌ఫ్రంట్ సైన్డ్ కుకీలు పనికొస్తాయి గానీ వాటిని ఇచ్చే లాగిన్ పేజీ మీరే కట్టాలి. అందరికీ ఒకే పాస్‌వర్డ్ చాలనుకుంటే క్లౌడ్‌ఫ్రంట్ ఫంక్షన్‌లో బేసిక్ ఆథ్ (బ్రౌజరే పాస్‌వర్డ్ అడిగే పద్ధతి) పెట్టడం పది నిమిషాల పని.

గిట్‌హబ్‌లో రిపాజిటరీ ప్రైవేట్‌గా ఉన్నా పేజీ మాత్రం లోకానికంతా తెరిచే ఉంటుంది. ఎంటర్‌ప్రైజ్ క్లౌడ్ వాడే సంస్థలకే మినహాయింపు. నెట్‌లిఫైలో పాస్‌వర్డ్ డబ్బు కట్టే ప్లాన్లలో ఉంది. క్లౌడ్‌ఫ్లేర్ యాక్సెస్ 50 మంది దాకా ఉచితం, ఈమెయిల్‌కు ఒకసారి వాడే కోడ్ పంపి లోపలికి రానిస్తుంది. ఇక్కడ ఒక్కటి జాగ్రత్త: సెట్టింగ్స్‌లో యాక్సెస్ పాలసీ ఆన్ చేస్తే ప్రివ్యూ చిరునామాలకే తాళం పడుతుంది. ప్రాజెక్ట్ ప్రధాన చిరునామా తెరిచే ఉంటుంది, దానికి విడిగా చేర్చాలి. ప్రైవేట్ విండోలో రెండూ తెరిచి చూశాకే లింకు పంపండి.

యూజర్ టెస్ట్‌లో పాల్గొనేవాళ్లకు మాత్రం ఈ కోడ్ తాళం పెట్టకండి. మెయిల్ వెతుక్కోవడంలోనే సెషన్ మొదటి నిమిషాలు పోతాయి. వాళ్లకు తెరిచిన లింకు, సెర్చ్‌లో చూపొద్దని చెప్పే నోఇండెక్స్ హెడర్, టెస్ట్ అయ్యాక తొలగింపు సరిపోతాయి. రోబోట్స్ ఫైలు దీనికి చాలదు: అది క్రాలర్‌ను ఆపుతుంది గానీ వేరే చోట లింకు ఉంటే చిరునామా వెతుకులాటలో కనిపించకుండా ఆపదు.

కాబట్టి ఒకరిద్దరు డిజైనర్ల జట్టుకు, వారానికి రెండు మూడు వెర్షన్లు తిప్పేవాళ్లకు క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ మేలు. అందరూ చూడొచ్చనుకున్న పోర్ట్‌ఫోలియో పనికి గిట్‌హబ్ పేజెస్ బాగుంటుంది. డేటా సొంత క్లౌడ్ ఖాతా దాటకూడదని సంస్థ నియమం ఉంటే, లేదా పెద్ద వీడియోలుంటే క్లౌడ్‌ఫ్రంట్ వెనుక మూసిన బకెట్. దాన్ని మొదటిసారి కట్టడానికి ఒక పూట పడుతుంది, ఆ తర్వాత ప్రతి వెర్షనూ ఒక్క సింక్ కమాండ్.

తొలగింపు దగ్గర మాత్రం బకెట్‌దే పైచేయి. టెస్ట్ వెర్షన్లన్నీ ఒకే ప్రిఫిక్స్ (ఫోల్డర్ పేరు లాంటిది) కింద ఉంచి, 30 రోజులకు గడువు తీరేలా లైఫ్‌సైకిల్ నియమం ఒక్కసారి పెడితే పాతవి వాటంతటవే పోతాయి. వెర్షనింగ్ ఆన్‌లో ఉంటే పాత కాపీలు మిగిలిపోతాయి కాబట్టి వాటికీ విడిగా గడువు పెట్టండి. క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్‌లో మారని ఆ డిప్లాయ్ చిరునామాలు మీరు తీసేదాకా తెరిచే ఉంటాయి. తీసే తేదీని టెస్ట్ పెట్టుకున్న రోజే క్యాలెండర్‌లో రాసుకోండి.