లండన్ ఫ్రీమేసన్స్ హాల్, రాస్లిన్ చాపెల్: వెళ్తే ఏం చూడాలి

లండన్ వెళ్ళినవాళ్ళు కోవెంట్ గార్డెన్‌లో ఎలాగూ తిరుగుతారు. అక్కడికి దగ్గర్లోనే, గ్రేట్ క్వీన్ స్ట్రీట్‌లో ఫ్రీమేసన్స్ హాల్ ఉందని మాత్రం చాలామందికి తెలీదు. ఫ్రీమేసన్రీ అనే సోదర సంఘం సభ్యులను మేసన్లంటారు, ఇంగ్లండ్ మేసన్లకు ప్రధాన కేంద్రం అదే. మా అన్నయ్య సికింద్రాబాద్‌లో ఒక లాడ్జి (అంటే మేసన్ల స్థానిక శాఖ) సభ్యుడు, అందుకే వెళ్ళాం. ఇంట్లో మేసన్లెవరూ లేకపోయినా సరే, ఓ పూట దానికి కేటాయించమనే చెబుతాను.

రహస్య సంఘం అనగానే ఏవో చీకటిగదులు ఊహించుకుంటాం. నిజానికి ఆ భవనం ఒక యుద్ధ స్మారకం. మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయిన 3,225 మంది మేసన్ల కోసం 1927-33 మధ్య కట్టారు. వాళ్ళ పేర్లు రాసిన పత్రాన్ని చుట్టి ఒక కంచు పేటికలో ఉంచారు. రెల్లు మధ్య ఆగిన పడవలా ఉంటుంది ఆ పేటిక, అంటే వాళ్ళ ప్రయాణం ముగిసిందని. పైన రంగుటద్దాల కిటికీలో శాంతిదేవత ఈ భవనం నమూనానే చేతుల్లో పట్టుకుని ఉంటుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

తర్వాత గ్రాండ్ టెంపుల్, అంటే లోపలి పెద్ద సమావేశ మందిరం. కంచు తలుపులు ఒక్కొక్కటీ టన్నుంపావు బరువు. లోపల 1,700 మంది కూర్చోవచ్చు. నేలమీద నలుపు-తెలుపు గళ్ళ తివాచీ, పైకప్పు అంచుల్లో మొజాయిక్ బొమ్మలు. బైబిల్లోని సొలొమోను రాజు, హీరాము రాజు ఉన్నారు, యూక్లిడ్, పైథాగరస్ కూడా ఉన్నారు. నాలుగు మూలల్లో వివేకం, మితం, ధైర్యం, న్యాయం అనే సుగుణాలకు రూపాలు. మూలమట్టం, కంపాస్ గుర్తులైతే ఎటు చూసినా కనిపిస్తాయి. మన తాపీమేస్త్రీ గోడ నిటారుగా ఉందో లేదో చూసే తూకం గుండు కూడా వీళ్ళ చిహ్నమే, నడవడి నిటారుగా ఉండాలని. చెక్కని రాయి, నున్నగా చెక్కిన రాయి పక్కపక్కన పెడతారు: మనిషి తనను తాను చెక్కుకోవాలన్నమాట. అన్నయ్య ఇవి చెబుతుంటే వాటిని ఎంత మనసుకు పట్టించుకున్నాడో అర్థమైంది.

అదే భవనంలో ఉన్న మ్యూజియంకు టికెట్ అక్కర్లేదు. టెంపుల్‌లో మీటింగులుంటే లోపలికి పంపరు కాబట్టి వెళ్ళేముందు వెబ్‌సైట్ చూసుకోండి. మేసన్లు నడుముకు కట్టుకునే పాత ఏప్రాన్లు, పతకాలు, లాడ్జి సామగ్రి తీరిగ్గా చూడాలి. అవి చూస్తూ అన్నయ్య ఒక మాట చెప్పాడు. 1775లోనే ఆర్కాటు నవాబు కొడుకు ఉమ్దత్ ఉల్ ఉమ్రా తిరుచ్చిలో మేసన్ అయ్యాడట. మన నెల్లూరు అప్పట్లో ఆ నవాబు ఏలుబడిలోదే.

మన దేశంలో లాడ్జిలకు పై సంస్థ అయిన గ్రాండ్ లాడ్జ్ ఆఫ్ ఇండియా 1961 నుంచి ఉంది, దానికి ఇంగ్లండ్ గుర్తింపూ ఉంది. అందుకని ముందుగా రాసి, కాగితాలు చూపిస్తే అన్నయ్యను ఒక లాడ్జి సమావేశానికి రానిచ్చారు. తర్వాత భోజనం దగ్గర ముక్కూమొహం తెలియనివాళ్ళంతా "బ్రదర్" అంటూ పక్కన కూర్చోబెట్టుకున్నారట. అక్కడ మతం, రాజకీయం మాట్లాడకూడదు. దేవుణ్ణి నమ్మాలి, ఏ దేవుడని అడగరు. ఆ పద్ధతి నాకు గౌరవంగా తోచింది. కానీ ఆ లాడ్జిల్లో ఆడవాళ్ళకు సభ్యత్వం లేదు. ఇంగ్లండ్‌లో ఆడవాళ్ళ లాడ్జిలు వందేళ్ళ పైనుంచీ విడిగా నడుస్తున్నాయి, అయినా ఆ గీత నాకు మింగుడుపడదు. "నువ్వన్నది నిజమే చెల్లీ" అన్నాడు అన్నయ్య, అంతకుమించి వాదించలేదు.

బస బ్లూమ్స్‌బరీలో చూసుకోండి, హాల్‌కు నడిచే వెళ్ళొచ్చు. మేం దిగిన హోటల్‌లో గది ఇరుకు, లిఫ్ట్ లేదు, సూట్‌కేసులు మూడో అంతస్తుకు మోసుకెళ్ళాం. పెద్దవాళ్ళుంటే బుక్ చేసేముందే లిఫ్ట్ సంగతి అడగండి. తిండికి దిగుల్లేదు. యూస్టన్ స్టేషన్ పక్కనే డ్రమండ్ స్ట్రీట్‌లో శాకాహార హోటళ్ళున్నాయి, దోసె దొరుకుతుంది. కోవెంట్ గార్డెన్ ట్యూబ్ (మెట్రో) స్టేషన్‌లో మెట్లు 193, లిఫ్ట్ కోసం ఆగండి, లేదా హోల్బర్న్‌లో దిగండి.

అక్కణ్ణుంచి కింగ్స్ క్రాస్‌లో రైలెక్కి స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరా వెళ్ళాం, నాలుగున్నర గంటలు పట్టింది. ఊరి బయట రాస్లిన్ చాపెల్‌కు 37వ నంబరు బస్సు ఉంది. మేసన్ల పుట్టిల్లని చెప్పుకునేవాళ్ళున్నారు గానీ చరిత్ర అలా లేదు. 1446లో విలియం సింక్లెయిర్ మొదలుపెట్టించిన చర్చి అది. స్కాట్లండ్ గ్రాండ్ లాడ్జికి తొలి గ్రాండ్ మాస్టర్ (అధిపతి) అదే వంశంలో పుట్టిన మరో విలియం సింక్లెయిర్, అది 1736లో. శిల్పం మాత్రం అద్భుతం. శిష్యుడు తనకన్నా బాగా చెక్కాడని గురువు అసూయతో సుత్తితో కొట్టి చంపాడని కథ చెప్పే స్తంభం దగ్గర, చుట్టూ మెలికలు తిరిగిన పూలదండలను, అడుగున డ్రాగన్లను వంగి చూడండి. టికెట్ ఉంది, లోపల ఫోటోలు తీయనివ్వరు. మేసన్రీ తెలుసుకోవాలంటే లండన్ చాలు, రాతిపని మీద ప్రేమ ఉంటే రాస్లిన్‌కు ఒక రోజు అదనంగా పెట్టుకోండి.