ఎస్కివెల్‌తో పదకొండేళ్లు: నా రెండు చెవుల సమీక్ష

మొదటి రెండేళ్లు నేను మెక్సికో సంగీతకారుడు ఎస్కివెల్‌ను తిరగేసి విన్నాను. పాత సామాన్ల దుకాణంలో కొన్న స్పీకర్ల జతలో కుడివైపు వైరు ఎడమకు, ఎడమవైపుది కుడికి తగిలించుకుని, అదే సరైన వరస అనుకున్నాను. మామూలు సినిమా పాటలు వింటూ ఉంటే ఈ పొరపాటు జన్మలో బయటపడేది కాదు. గాయకుడు మధ్యలో ఉంటాడు, తబలా కాస్త అటో ఇటో ఉంటుంది, ఎవరికి పట్టింపు? ఒక రాత్రి అదే రికార్డును హెడ్‌ఫోన్లలో విన్నప్పుడు, ఎడమ చెవి దగ్గర బయలుదేరిన వాద్యం కుడి చెవి దగ్గరకు వచ్చి ఆగింది. మర్నాడు స్పీకర్లలో అది కుడినుంచి ఎడమకు పరుగెత్తింది. అప్పుడు లేచి వైర్లు చూశాను. సరిచేశాక ఓ వారం రోజులపాటు ఆ సంగీతమంతా నాకు తప్పుగా వినిపించింది.

ఎడమ ఏదో కుడి ఏదో ఇంతగా పట్టించుకునే సంగీతాన్ని అంతకుముందు నేను వినలేదు.

హువాన్ గార్సియా ఎస్కివెల్ 1918లో మెక్సికోలోని టాంపికోలో పుట్టాడు. అది గల్ఫ్ తీరంలోని చమురు రేవు పట్టణం. కుటుంబం మెక్సికో నగరానికి వచ్చేనాటికి పిల్లవాడికి పదేళ్లు. పియానో చాలావరకు సొంతంగా నేర్చుకున్నాడు. ఇరవై ఏళ్లు నిండకముందే ఎక్స్‌ఈడబ్ల్యూ రేడియోలో ఇరవైమందికి పైగా ఉన్న ఆర్కెస్ట్రాను నడిపించాడు. 1930లో మొదలైన ఆ రేడియో మెక్సికో సంగీతానికి పెద్ద గుమ్మం లాంటిది. అక్కడ హాస్య కార్యక్రమాలకు సంగీతం సమకూర్చడం కూడా ఆయన పనుల్లో ఒకటి. ఎవరో జారిపడతారు, ఎవరో దొంగతనంగా గోడ దూకుతారు, దానికి తగిన ధ్వని అప్పటికప్పుడు కావాలి. ఈ ఒక్క సంగతి తెలిశాక ఆయన రికార్డులు నాకు వేరే రకంగా వినబడ్డాయి. ప్రసిద్ధమైన ప్రేమపాటను తీసుకున్నా, ప్రతి చరణాన్నీ ఒక చిన్న హాస్య సన్నివేశంలా కడతాడు. పియానో మెల్లగా నడిచి వస్తుంది, ట్రంపెట్లు తలుపు వెనకనుంచి 'భౌ' అంటాయి, పియానో ఏమీ జరగనట్టు చొక్కా దులుపుకుని ముందుకు పోతుంది.

రికార్డులు తీసే ఆర్‌సీఏ సంస్థ ఆయనను 1958లో అమెరికాకు రప్పించింది. స్టీరియో రికార్డులు అప్పుడప్పుడే దుకాణాల్లోకి వస్తున్నాయి. రెండు స్పీకర్లు కొన్న ప్రతివాడికీ, వాటిమీద పెట్టిన డబ్బు దండగ కాలేదని ఇరుగుపొరుగుకు చూపించాలన్న తొందర. రైలు అటునుంచి ఇటు పోయే శబ్దాలు, బల్లమీద బంతి ఎగిరే శబ్దాలు వేసిన రికార్డులు కూడా ఆ రోజుల్లో అమ్ముడుపోయాయి. అలాంటి వాటిని రెండోసారి ఎవరూ వినరు. అదే తొందరను ఆసరా చేసుకుని ఎస్కివెల్ మాత్రం తిరిగి తిరిగి వినదగిన సంగీతం చేశాడు. ఆ పద్ధతికి 'సోనోరామా' అని పేరు కూడా పెట్టుకున్నాడు. అట్టమీద తన ఇంటిపేరు పక్కన ఆశ్చర్యార్థకం వేయించుకునేవాడు. మనిషి నల్లని మందపాటి ఫ్రేము కళ్లజోడుతో, ఇస్త్రీ నలగని సూటుతో ఏదో బ్యాంకు అధికారిలా ఉంటాడు. ఆ ఆశ్చర్యార్థకం ఆయన ముఖంలో ఎక్కడా కనిపించదు.

నేను ఎక్కువసార్లు విన్నది 1962లో వచ్చిన 'లాటిన్-ఎస్క్'. ఇది 'స్టీరియో యాక్షన్' అనే వరసలోది. మీ కళ్లు వెంబడించగల ధ్వని అన్నది ఆ వరసకు ఆర్‌సీఏ పెట్టుకున్న ప్రచార వాక్యం. ప్రచార వాక్యాలను నమ్మే అలవాటు నాకు లేదు గానీ, మా అమ్మ దీన్ని నమ్మించింది. ఒక ఆదివారం ఈ రికార్డు వేసుకుని కూర్చున్నాను. అమ్మ వంటింట్లోంచి వచ్చి కాసేపు నిలబడి అంది: "ఏమిటిరా ఇది, ఆ గదిలో వాయించేవాడికీ ఈ గదిలో వాయించేవాడికీ మాటలు లేనట్టున్నాయి. ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెట్టకూడదూ?"

అమ్మకు తెలియకుండానే చరిత్ర చెప్పింది. ఆ రికార్డు కోసం ఎస్కివెల్ నిజంగానే ఆర్కెస్ట్రాను రెండుగా చీల్చి, హాలీవుడ్‌లో వేర్వేరు స్టూడియోల్లో కూర్చోబెట్టాడు. ఒక సగం వాయించేది రెండో సగానికి హెడ్‌ఫోన్లలోనే వినబడాలి. కారణం మామూలుదే. అందరూ ఒకే గదిలో ఉంటే ట్రంపెట్ల మోత డ్రమ్ముల మైకులోకి, డ్రమ్ముల మోత ట్రంపెట్ల మైకులోకి పోతుంది. తర్వాత ఎడమకు ఒకటి, కుడికి ఒకటి పంచుదామన్నా రెండు చెవుల్లోనూ రెండూ కాస్త కాస్త వినిపిస్తాయి. ఆయనకు ఆ 'కాస్త' కూడా నచ్చలేదు. ఒక చెవిలో నిండుగా, రెండో చెవిలో పూర్తి శూన్యంగా ఉండాలి. అందుకోసం అంతమంది మనుషులను గోడలు అడ్డంపెట్టి విడదీశాడు. ఇప్పుడైతే ఎవరి వాద్యాన్ని వారు ఇంట్లో కూర్చుని రికార్డు చేసి పంపుతారు, ఇదొక విశేషమే కాదు. అప్పుడు మాత్రం అందరూ ఒకే క్షణంలో, ఒకేసారి వాయించాలి. 'ముచా ముచాచా' వింటున్నప్పుడు నేను ఇప్పటికీ ఆ రెండు గదులనే ఊహించుకుంటాను.

ఈ సంగీతానికి 'లౌంజ్' అన్న పేరు ఎలా అంటుకుందో గానీ, నా అనుభవంలో అది పూర్తిగా తప్పు. హోటల్లో సోఫాల మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ ఉంటే వెనకాల మెత్తగా సాగేదే లౌంజ్ సంగీతం అనుకుంటాం. ఎస్కివెల్‌ను వెనకాల పెట్టుకుని నేను ఒక్క పనీ చేయలేకపోయాను. ఆదాయపు పన్ను లెక్కలు వేస్తూ పెట్టుకుంటే మొత్తాలు తప్పాయి. కారులో ఒక్కసారే పెట్టాను. అంతవరకు ఈలలు వేస్తూ సాగుతున్న బాణీ మీదికి బాకాలన్నీ ఒక్కసారి విరుచుకుపడితే, వెనకనుంచి లారీ హారన్ కొట్టిందనుకుని పక్కకు తప్పుకున్నాను. నిద్రకు పనికిరాదు. బంధువులు వచ్చినప్పుడు పెడితే మొదటి నిమిషం నవ్వుతారు, రెండో నిమిషంలో "ఏదైనా మంచి పాట పెట్టు" అంటారు. ఇది కూర్చుని, ఇంకేమీ చేయకుండా, రెండు స్పీకర్లకూ సమాన దూరంలో ఉండి వినాల్సిన సంగీతం. కచేరీకి వెళ్లినట్టే.

ఆయన నిజంగానే లాస్ వేగస్‌లో లౌంజ్ కళాకారుడు, ఆ మాట కూడా చెప్పాలి. 1960లలో స్టార్‌డస్ట్ హోటల్లో చిన్న బృందంతో, నలుగురు గాయనులతో, సంగీతానికి తగినట్టు మారే దీపాలతో ఏళ్ల తరబడి ప్రదర్శనలిచ్చాడు. ఆ కాలపు రికార్డు 'ది జీనియస్ ఆఫ్ ఎస్కివెల్' (1967) నా దగ్గర ఉంది. నాలుగైదుసార్లు విని పక్కన పెట్టేశాను. పెద్ద ఆర్కెస్ట్రాతో చేసిన చిలిపితనాన్ని కొద్దిమందితో చేస్తే పెళ్లి భోజనాన్ని టిఫిను క్యారియర్‌లో సర్దినట్టు ఉంటుంది. దీపాలు చూసినవారికి వేరుగా అనిపించి ఉండవచ్చు.

ఇక గొంతుల సంగతి. మన పాటల్లో కోరస్ 'లలలా' అన్నా 'తందనా' అన్నా అది పాటకు పందిరి వేయడానికే. ఎస్కివెల్ రికార్డుల్లో గాయనీ గాయకులు పాటలోని మాటలు వదిలేసి 'జూ జూ జూ', 'పౌ', 'బొయింగ్' అంటారు. వాళ్లను ఆయన వాద్యాల వరసలో కూర్చోబెట్టాడు. 'అదర్ వరల్డ్స్ అదర్ సౌండ్స్' (1958)లో పాడిన రాండీ వాన్ హార్న్ బృందమే తర్వాత ఫ్లింట్‌స్టోన్స్ కార్టూన్ శీర్షికగీతం కూడా పాడింది. ఆ పోలిక వినగానే పట్టుకోవచ్చు. మొదటి ఏడాది ఈ 'జూ జూ'లకు పడిపడి నవ్వాను. మూడో ఏడాదికి విసుగొచ్చింది. ఒక దశలో ఆ భాగం రాగానే ధ్వని తగ్గించేవాణ్ని. ఆరో ఏడాదిలోనో ఏడో ఏడాదిలోనో, అవే గొంతులు ట్రంపెట్ ఆపిన చోటే అదే స్వరాన్ని అందుకుంటున్నాయని గమనించాను. లోహం శబ్దం ఎక్కడ ఆగి మనిషి శబ్దం ఎక్కడ మొదలయిందో తెలియదు. అప్పటినుంచి మళ్లీ ధ్వని పెంచాను. విసుగు పూర్తిగా పోయిందని మాత్రం చెప్పను.

వాద్యాల జాబితా రాయడం మొదలుపెడితే ఒక పేజీ కావాలి. అల్వినో రే వాయించిన జారుడు గిటార్ ఒక్కటి చాలు, అది కొన్నిచోట్ల మాట్లాడబోయి మానేసిన మనిషిలా మూలుగుతుంది. చేయి తాకించకుండా వాయించే ఎలక్ట్రానిక్ వాద్యం థెరమిన్, వెదురు గొట్టాలతో చేసిన డోళ్లు, ఘంటలు, ఇంకా ఏవేవో.

నన్ను ఇన్నేళ్లు పట్టి ఉంచింది ఇవేవీ కావు, మధ్యలో ఆయన వదిలే ఖాళీలు. నేను చిన్నప్పుడు నాలుగేళ్లు వయొలిన్ నేర్చుకున్నాను (వచ్చిందేమీ లేదు, శ్రుతి మాత్రం చెవిలో నిలిచింది). మన కచేరీలో గాయకుడు ఊపిరి తీసుకున్నా తంబూరా ఆగదు, పూర్తి నిశ్శబ్దం ఉండదు. నా చెవి దానికి అలవాటు పడింది. ఎస్కివెల్ 'గ్రనాడా' మధ్యలో మొత్తం ఆర్కెస్ట్రాను ఒక్క వేటుతో ఆపేస్తే, కిందపట్టు లేని మెట్టుమీద కాలు వేసినట్టు కడుపులో జివ్వుమంటుంది. అంతలోనే ఎక్కడో దూరంగా, ఒక మూలనుంచి పియానో మూడు స్వరాలు విదిలిస్తుంది. ఈ పాట రాసిన అగుస్తీన్ లారా కూడా మెక్సికో సంగీతకారుడే. స్పెయిన్‌లోని ఊరిమీద ఒక మెక్సికన్ రాసిన పాటను, ఇంకో మెక్సికన్ హాలీవుడ్‌లో ముక్కలు చేసి అతికించాడు. పాటమీద గౌరవం లేనివాడు ఇంత శ్రద్ధగా ముక్కలు చేయలేడు.

లోపాలు కూడా రాయాలి కదా. మెల్లగా, గట్టిగా, మళ్లీ మెల్లగా అన్న ఎత్తుగడ ప్రతి పాటలోనూ ఉంటుంది. వరసగా నాలుగు విన్నాక ఐదోదానిలో 'భౌ' ఎక్కడ వస్తుందో ముందే తెలిసిపోతుంది. మెక్సికోలో ఉండగా చేసిన 'టు లవ్ అగైన్' (1957) సాదాసీదాగా ఉంటుంది, ఎస్కివెల్ కోసం వెళ్లినవారికి నిరాశ తప్పదు. ఫోను స్పీకరులో అసలు వినవద్దు. రెండు వైపులూ కలిసిపోయి ఇరుకు బస్సులో బ్యాండు మేళంలా ఉంటుంది. వైర్‌లెస్ డబ్బా స్పీకర్ల సంగతీ అంతే.

కొత్తగా వినేవారికి అందరూ సూచించేది 1994లో వచ్చిన సంకలనం. ఇర్విన్ చూసిడ్ దాన్ని కూర్చాడు. 'స్పేస్ ఏజ్ బ్యాచిలర్ ప్యాడ్ మ్యూజిక్' అని దాని పేరు, అంటే అంతరిక్ష యుగపు బ్రహ్మచారి గది సంగీతం. నేను దాన్ని మొదటిసారి విన్నప్పుడు బ్రహ్మచారినే, అద్దె గదిలోనే ఉన్నాను. దండెంమీద లుంగీలు, మూల కిరోసిన్ స్టవ్వు, కిటికీకి సగం ఊడిన దోమతెర. ఆ పేరు పెట్టినవారి మనసులోని గది వేరే అయి ఉంటుంది. సంకలనం బాగానే ఉంటుంది, కానీ వేర్వేరు రికార్డుల్లోని చమక్కులన్నీ ఒకేచోట కుక్కడం వల్ల ఇందాక చెప్పిన విసుగు త్వరగా వస్తుంది. ఆయనను వింతమనిషిగా చూపించి అమ్మే ధోరణి కూడా ఆ పేరుతోనే మొదలైంది. నవ్వుకోవడానికి కొన్నవారు ఒక వారంలో పక్కన పడేస్తారు.

ఆ సంకలనం అమెరికా కుర్రకారును ఊపేస్తున్నప్పుడు ఎస్కివెల్ తుంటి విరిగి మంచంలో ఉన్నాడు. మొరెలోస్ రాష్ట్రంలోని హ్యూతెపెక్‌లో సోదరుడి సంరక్షణ. అక్కడినుంచే ఫోనులో అభిమానులతో మాట్లాడేవాడట. 2002 జనవరి 3న అక్కడే చనిపోయాడు, 84వ పుట్టినరోజుకు పదిహేడు రోజుల ముందు. అదే ఏడాది క్రోనాస్ క్వార్టెట్ తమ మెక్సికో సంగీత ఆల్బమ్‌లో ఆయన బాణీనొకదాన్ని నాలుగు తీగవాద్యాలమీద వాయించింది.

దీనికంటే నాకు ఇష్టమైన ఘట్టం మధ్యలో ఉంది. వేగస్ వదిలి మెక్సికోకు తిరిగి వెళ్లాక, 1979లో మొదలైన 'ఒదిసేయా బుర్బుహాస్' అనే పిల్లల టీవీ కార్యక్రమానికి సంగీతం చేశాడు. ఒక ప్రొఫెసరు, ఒక కప్ప, ఒక ఎలుక, వాళ్ల సాహసాలు. హాస్య కార్యక్రమాలకు జారిపడే శబ్దాలు సమకూర్చిన కుర్రవాడు, నలభై ఏళ్ల తర్వాత మళ్లీ అదే పనికి వచ్చాడు. ఆ కాలంలో మెక్సికోలో పెరిగిన పిల్లలు ఆయన పేరు తెలియకుండానే ఆయన సంగీతం విని ఉంటారు. అమెరికా టీవీలో యూనివర్సల్ సంస్థ చిహ్నం వచ్చినప్పుడు మోగిన బాకాల ముక్క కూడా స్టాన్లీ విల్సన్‌తో కలిసి ఆయన చేసిందే. వింటున్నామని తెలియకుండా ఎంతమంది విన్నారో.

కొనేవారికి నా వరస ఇది. మొదట 'అదర్ వరల్డ్స్ అదర్ సౌండ్స్'. అది నచ్చితే ఆరు నెలలు ఆగి 'లాటిన్-ఎస్క్'. మూడోది అవసరమా అని అప్పుడు ఆలోచించుకోవచ్చు. ఒక పూటకు నాలుగు పాటలకు మించవద్దు. స్పీకర్లమధ్య కనీసం ఐదారు అడుగుల ఎడం ఉంచండి, కుర్చీ మధ్యలో వేసుకోండి, వైర్లు ఒకసారి సరిచూసుకోండి. మా ఇంట్లో ఆదివారం నేను ఆ కుర్చీ జరపగానే అమ్మ వంటింటి తలుపు దగ్గరగా వేసుకుంటుంది. పూర్తిగా వేయదు, గొళ్లెం పెట్టదు.