అమలాపురం దగ్గర వేసవి పద్యరచన తరగతులు: ఒక తండ్రి సమీక్ష

ఈ వేసవిలో అమలాపురానికి దగ్గరలోని ఒక గ్రంథాలయంలో ఎనిమిది నుంచి పదో తరగతి వరకు చదివే పిల్లల కోసం 12 రోజులపాటు జరిగిన పద్యరచన తరగతులకు మా అబ్బాయిని పంపాను. రుసుము 600 రూపాయలు; ఉదయం ఏడు నుంచి తొమ్మిదిన్నర వరకు. వాడు బడిలో గణవిభజనకు (పద్యపాదాన్ని గురులఘువుల గుంపులైన గణాలుగా విడదీయడానికి) పూర్తి మార్కులు తెచ్చుకుంటాడు కానీ, పద్యమంటే ప్రతిపదార్థమూ భావమూ బట్టీపట్టి పరీక్షలో అప్పజెప్పేదన్న అభిప్రాయం వాడిలో గట్టిగా పాతుకుపోయి ఉండేది.

మాస్టారు మొదటి రోజు బోర్డు మీద గణాల పట్టిక రాయలేదు. వేమన పద్యాల చివరి పాదాన్ని అందరిచేత చప్పట్లతో చెప్పించి, ఎన్ని దెబ్బలు పడుతున్నాయో పిల్లలనే లెక్కపెట్టమన్నారు. అయిదని తేలాక, ఆ అయిదూ సూర్యగణాలనీ, ఆటవెలదిలో రెండు, నాలుగు పాదాల నడక అదేననీ, ఒకటి, మూడు పాదాల్లో మాత్రం మూడు సూర్యగణాల తరవాత రెండు ఇంద్రగణాలు వస్తాయనీ చెప్పారు. చిన్నప్పటినుంచి నోట ఆడుతున్న దానికి పేరు తెలిసినందుకు పిల్లలు పొందిన సంతోషాన్ని నేను గుమ్మం దగ్గర నిలబడి చూశాను.

నాలుగో రోజున, తమ ఊళ్లో కళ్లతో చూసిన దాని మీదే రాయమన్నారు. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక కాలువలకు నీళ్లు ఆపేసిన రోజులవి. ఒకప్పుడు మా నాన్నగారు కొబ్బరికాయలు వేసుకువెళ్లిన పడవ ఇప్పటికీ మా ఊరి గట్టు మీదే ఉంది. మావాడు దాని గురించి రాసిన రెండో పాదం ‘తాతగారి పడవ నీరు లేక’ అని ముగిసింది. గణాలు సరిపోయాయి కానీ యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం జత కలవడం, కుదరలేదు. పాదం ‘తా’తో మొదలైతే నాలుగో గణం ‘నీ’తో మొదలైంది. మాస్టారు మాట అందించకుండా, ‘త, థ, ద, ధలలో వెతుక్కో నాయనా, అచ్చు కూడా కలవాలి’ అని మాత్రం చెప్పి పంపారు. ఆ రాత్రి అన్నం కలుపుకుంటూ ‘తడి!’ అన్నాడు.

కాలువెండిపోయి గట్టుపక్కన నిల్చె
తాతగారి పడవ తడియు లేక

నీరు లేకపోవడం కాలువ సంగతి, తడి లేకపోవడం పడవ సంగతి. యతి కోసం వెతికితే పడవకు తగిన మాట దొరికింది. యతిప్రాసలు భావానికి అడ్డని నమ్మి చదువు ముగించిన నాకు ఇది నిజంగా కొత్త పాఠం.

పద్యం విని స్పందించడం నేర్పిన తీరు కూడా నాకు ఎంతో నచ్చింది. పద్యాన్ని రెండుసార్లు పైకి చదివి, అర్థం చెప్పకుండా, ఏ మాట దగ్గర మనసు ఆగిందో, ఎందుకు ఆగిందో రాయమంటారు. నిఘంటువు తీసేది ఆ తరవాతే. తోటివారి పద్యాలకూ ఇదే పద్ధతి. ‘బాగుంది’ అని ఊరుకుంటే ఒప్పుకోరు. ‘తడి కూడా లేదంటే చెక్క పగిలిందా?’ అని ఒక అమ్మాయి అడిగిన ప్రశ్నతోనే మావాడి మూడో పాదం మొదలైంది.

లోపాలూ చెప్పాలి. వచన కవితకు ఒక్క రోజే కేటాయించారు. ఛందస్సులో ఇమడలేని పిల్లలకు అది చాలదు. 34 మందికి ఒక్కరే మాస్టారు కావడంతో వెనక వరుసలోని వారి నోటుపుస్తకాలు రెండు మూడు రోజులకోసారి గాని దిద్దలేకపోయారు. పంచిన చిన్న పుస్తకంలో భగణ, రగణాల గుర్తులు తారుమారుగా అచ్చయ్యాయి. మొదటిసారి నేర్చుకునే పిల్లలకు ఇది చిన్న తప్పు కాదు.

గురులఘువులు గుర్తుపట్టగలిగిన పిల్లలనే పంపండి, లేకపోతే తొలి మూడు రోజులు వెనకబడతారు. వచ్చే వేసవిలోనూ తరగతులు పెడతామన్నారు. ఏడో తరగతిలోకి వచ్చిన మా అమ్మాయికి అప్పటికి అర్హత వస్తుంది కనుక, దాని పేరు ఇప్పుడే రాయించి వచ్చాను.