చోటు పెరిగింది, తలుపు మాత్రం ఆలస్యంగా తెరుచుకుంది

డిస్కు డ్రైవు ఉన్న వీడియో గేమ్ కన్సోళ్లనే మూడు తరాలుగా వాడుతున్నాను. డ్రైవు లేని రకం వచ్చాక కూడా మనసు మార్చుకోలేదు. ఇన్నేళ్ల వాడకంలో నాకు అర్థమైంది ఇది: డిస్కులో ఎంత పడుతుందన్నది సగం సంగతే. పట్టినదాన్ని ఎంత వేగంగా బయటికి తీయగలమన్నది మిగతా సగం. ఆటలు కట్టేవాళ్లను ఎక్కువగా ఏడిపించింది ఆ రెండోదే.

నా మొదటిది డీవీడీల కాలపు కన్సోల్. రెండు పొరల డీవీడీలో పట్టేది 8.5 జీబీ. అప్పుడే ప్లేస్టేషన్ 3 కన్సోల్ బ్లూరే అనే కొత్తరకం డిస్కుతో 50 జీబీ దాకా వెళ్లింది. అందుకే ఫైనల్ ఫాంటసీ 13 ఆట అక్కడ ఒక్క డిస్కులో వస్తే, డీవీడీలు వాడే ఎక్స్‌బాక్స్ 360 కన్సోల్‌లో మూడు డీవీడీలైంది. డిస్కు మార్చడానికి లేవడం నాకు కష్టమనిపించలేదు. చిక్కంతా తయారీదారులకే. రెండో డిస్కు పెట్టాక ఆటలోని మొదటి ఊరికి తిరిగి వెళ్లాలంటే ఆ ఊరు రెండో డిస్కులోనూ ఉండాలి. ఆట అంతటా కావలసిన సరుకు ప్రతి డిస్కులోనూ ఉండాలి కనుక మూడు డిస్కులంటే మూడింతల చోటు కాదు. కథ ఒకే దారిన సాగే ఆటకు అది సరిపోతుంది, ఎటైనా తిరగగలిగే ఆటకు నరకమే.

బ్లూరే వచ్చాక ఇక ఇబ్బంది ఉండదనుకున్నాను. గోదాము పెద్దదే, తలుపే ఇరుకు. ప్లేస్టేషన్ 3 డ్రైవు సెకనుకు సుమారు 9 ఎంబీ చదివేది. ఆ లెక్కన 256 ఎంబీ ప్రధాన మెమొరీ ఒక్కసారి నిండాలంటే అర నిమిషం కావాలి. కంప్రెషన్ అసలు విలువ అప్పుడు తెలిసింది. సరుకును సగానికి కుదిస్తే మిగిలేది చోటే కాదు, డిస్కు నుంచి రావడానికి పట్టే సమయమూ సగమవుతుంది. అయితే విప్పే పని ప్రాసెసర్ మీద పడుతుంది. 2014లో టైటాన్‌ఫాల్ అనే ఆట పీసీ రూపం 48 జీబీ ఉంటే అందులో 35 జీబీ కుదించని శబ్దమే. బలహీనమైన ప్రాసెసర్లకు శబ్దాన్ని విప్పే భారం వద్దని అలా చేశారు.

ఆటలు కన్సోల్ లోపలి హార్డ్ డిస్కుకు మారినా వెతుకులాట తప్పలేదు. చదివే ముల్లు అటూ ఇటూ పరుగెత్తకుండా ఒకే వస్తువును అనేక చోట్ల రాసిపెట్టేవారు. స్పైడర్‌మ్యాన్ ఆటలో కొన్ని వస్తువుల ప్రతులు 400 దాకా ఉన్నాయని ప్లేస్టేషన్ 5 రూపశిల్పి మార్క్ సెర్నీ 2020లో చెప్పారు. ఒక పక్క కుదించడం, మరో పక్క నకళ్లతో నింపడం!

ఇప్పుడు వాడుతున్నది ప్లేస్టేషన్ 5. దాని ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలేవీ లేని నిల్వ, సెకనుకు 5.5 జీబీ చదువుతుంది. క్రాకెన్ అనే పద్ధతిలో కుదించినదాన్ని విప్పడానికి చిప్‌లోనే ప్రత్యేక ఏర్పాటు ఉంది కనుక ఆ పని ప్రాసెసర్‌కు తగలదు. నకళ్ల అవసరమూ పోయింది. ఆటలో దూరపు ఊరికి వెళ్లేటప్పుడు తెర మీద వచ్చే చిట్కాలు చదివే వ్యవధి కూడా దొరకడం లేదు. నిజం చెప్పాలంటే, ఆ చిట్కాలంటే నాకు కాస్త ఇష్టం ఉండేది.

లోపాలూ ఉన్నాయి. 825 జీబీ అన్నారు గానీ ఆటలకు మిగిలేది 667. పెద్దవి ఏడెనిమిది పెట్టేసరికి ఏది తీసేయాలన్న చర్చ మొదలవుతుంది. 100 జీబీ పట్టే డిస్కు పెట్టినా ఆట మొత్తం ఎస్‌ఎస్‌డీలోకి ఎక్కాల్సిందే. ఆ తరువాత డిస్కు తాళంచెవి మాత్రమే. ఒకసారి కొత్త ఆట డిస్కు తెచ్చి పెడితే, ఆడటానికి ముందు పదుల జీబీల డౌన్‌లోడ్ అడిగింది. ఆ రాత్రంతా కన్సోల్ ఆడింది, నేను నిద్రపోయాను.

అయినా తీసేసిన ఆటను డిస్కు నుంచి మళ్లీ ఎక్కించుకోగలను, ఆడేశాక స్నేహితుడికి ఇవ్వగలను. అందుకే తరువాతి కన్సోల్‌కూ డ్రైవు ఉన్న రకమే తీసుకుంటాను. డిస్కు కొనేటప్పుడు మాత్రం పెట్టె మీద ‘డౌన్‌లోడ్ తప్పనిసరి’ అన్న చిన్న అక్షరాలు ఉన్నాయేమో ముందు చూస్తాను.