సేంద్రియ తోటకు ఏది మేలు: డబ్బా మీది లేబులా, అనుమతి పత్రమా, ఇంటి తొట్టా?

మాది బంగారుపాళెం దగ్గర నాలుగెకరాల తోతాపురి తోట, పక్కనే ఎకరా వేరుశనగ చేను. సేంద్రియంలోకి మళ్లిన రెండో ఏడు పూత మీద తేనెమంచు పురుగు విరగబడింది. ఆకులన్నీ జిగురు, చెట్టు కింద నిలబడితే చొక్కాకు అంటుకునేది. పూత రాలిపోతుందన్న టెన్షన్‌లో టౌనుకు పోయి, డబ్బా మీద ‘100% ఆర్గానిక్, మూలికల సారం’ అని అచ్చేసిన మందు తెచ్చి కొట్టించాను. మర్నాటికి ఒక్క పురుగు కనబడలేదు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. వేప మందు పురుగును తిండి మాన్పిస్తుంది, ఎదగనివ్వదు. ఆ పనికి రోజులు పడుతుంది. రాత్రికి రాత్రి తోట శుభ్రమైందంటే అందులో ఇంకేదో ఉందన్నమాట.

ఆ ఏడు సేంద్రియ సర్టిఫికెట్ ఇచ్చే ఏజెన్సీ నుంచి తనిఖీకి వచ్చినాయన బిల్లు చూసి ఖాళీ డబ్బా అడిగారు, ఆకులు శాంపిల్ తీసుకెళ్లారు. పరీక్షలో రసాయన పురుగుమందు అవశేషం తేలింది. మామిడి లాంటి చెట్ల పంటకు మార్పిడి కాలం, అంటే రసాయనాలు మానేసి సేంద్రియమని సర్టిఫికెట్ పొందేదాకా ఆగాల్సిన గడువు, మూడేళ్లు. మా లెక్క మళ్లీ మొదటి రోజుకు వచ్చి నిలబడింది.

ఇప్పుడు చుట్టుపక్కల రైతులు వచ్చి, “అన్నా, షాపులో కొనేది మేలా, ఇంట్లో కలుపుకునేది మేలా?” అని అడుగుతుంటారు. దేన్నైనా ఎవరు పరిశీలించారు, ఏ జాబితా పెట్టుకుని చూశారు అన్నది తెలియకుండా ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేను.

ముందు ఒట్టి లేబుల్ సంగతి. షాపులో అడిగితే ‘గవర్నమెంటు లైసెన్సు ఉందండీ’ అంటారు. ఉండొచ్చు. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కింద సేంద్రియ ఎరువులకూ, జీవన ఎరువులకూ నాణ్యతా ప్రమాణాలున్నాయి. వర్మీకంపోస్టు కిలోలో కాడ్మియం 5 మిల్లీగ్రాములు, సీసం 100 మిల్లీగ్రాములు దాటకూడదు. 1968 పురుగుమందుల చట్టం కింద వేప మందులూ, తెగులును ఆపే ట్రైకోడెర్మా బూజు లాంటివీ రిజిస్టర్ అవుతాయి. ఇవి మంచి పరిశీలనలే. కానీ అవి సరుకు నాణ్యత చూస్తాయి, సర్టిఫికెట్ ఉన్న తోటలో దాన్ని వాడొచ్చా అన్న మాట తేల్చవు. ఆ తేడా నాకు ఎవరూ చెప్పలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

రెండోది సర్టిఫికేషన్ ఏజెన్సీ ఇచ్చే అనుమతి పత్రం. మన దేశంలో 2001లో మొదలైన జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం, అదే ఎన్‌పీఓపీ, వ్యవసాయ ఎగుమతులు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ అపెడా చేతిలో నడుస్తుంది. నేలకు వేసేవాటికీ, పురుగూ తెగులూ ఆపేవాటికీ అందులో జాబితాలున్నాయి. కొన్ని నేరుగా వాడొచ్చు, కొన్నిటిని షరతుల మీదే వాడాలి. కంపెనీ తన సరుకును ఏజెన్సీ ముందు పెడితే వాళ్లు ప్రతి ముడిసరుకూ అడుగుతారు: ఎక్కడి నుంచి వచ్చింది, ఎలా తీశారు, చెడిపోకుండా ఏం కలిపారు. అమెరికాలో ఓమ్రి అనే సంస్థ 1997 నుంచి ఈ పనే చేస్తోంది.

ఈ పరిశీలన ఎంత లోతుకు పోతుందో వేరుశనగ రైతుకు ఒక్క జిప్సం మాటతో అర్థమవుతుంది. ఊడలు దిగే వేళ ఎకరాకు 200 కిలోల జిప్సం వేయడం మనకు అలవాటు. గనిలో తవ్వి తీసిన జిప్సం సేంద్రియానికి పనికొస్తుంది. ఫాస్ఫేటు ఎరువుల ఫ్యాక్టరీలో మిగిలిపోయిన జిప్సాన్ని అమెరికా నిబంధనలు ఒప్పుకోవు. రెండూ తెల్లటి పొడే, పేరూ ఒకటే. మూట మీద చదివితే తేడా తెలియదు, పుట్టిన చోటు అడగాలి.

ఇంకో సంగతి మొదట్లో నాకు మింగుడుపడలేదు. బూడిద తెగులుకు కొట్టే గంధకం చూడ్డానికి అచ్చం రసాయనమే, అయినా సేంద్రియ జాబితాల్లో ఉంది. పొగాకు మన కళ్ల ముందు చేలో పెరిగే ఆకు, అయినా పొగాకు పొడి అమెరికా నిషేధ జాబితాలో ఉంది. నికోటిన్ విషం ఎక్కడ పుట్టినా విషమే కదా. మైలుతుత్తం, సున్నం కలిపి కొట్టే బోర్డో మిశ్రమానికి యూరప్‌లో కొలత ఉంది: హెక్టారుకు ఏడేళ్లలో మొత్తం 28 కిలోల రాగి. ‘ప్రకృతిది కాబట్టి మంచిది’ అనే తూకంతో ఈ జాబితాలు నడవవు. నాకు నచ్చింది కూడా అదే.

అయితే పత్రం ఉన్నా మోసం జరగదని అనుకోకూడదు. కాలిఫోర్నియాలో ఏళ్ల తరబడి సేంద్రియమని అమ్ముడైన ఒక ద్రవ ఎరువులో అమ్మోనియా లవణం కలిపారని బయటపడింది. అది జాబితాకెక్కిన సరుకే. కాగితాలు చూసి ఊరుకుంటే చాలదని 2009లో అక్కడ చట్టం తెచ్చి, ఇలాంటి సరుకుల రిజిస్ట్రేషన్, తనిఖీ రాష్ట్రమే చేసేలా ఏర్పాటు చేశారు. మనం చేయగలిగింది చిన్నది: పత్రం మీద గడువు తేదీ చూడాలి, సరుకు పేరు అక్షరం తేడా లేకుండా ఉందో లేదో చూడాలి, ఏ దేశపు ప్రమాణానికి ఇచ్చారో చదవాలి. మన మామిడి గుజ్జు ఏ దేశానికి పోతుందో దాన్ని బట్టి ఈ చివరిది మారుతుంది. 2021లో అమెరికా, ఏజెన్సీలకు అపెడా ఇచ్చే గుర్తింపును ఒప్పుకోవడం మానేసింది. ఆ దేశానికి పోయే సరుకు వాళ్ల నిబంధనల కిందే నేరుగా సర్టిఫై కావాలి. ఒక పత్రం అన్ని ఊళ్లకూ చెల్లదు.

ఇక ఇంటి తొట్టి. నా మనసు ఇటే మొగ్గుతుంది, దాచుకోను. పది కిలోల పేడ, గోమూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మన్ను, 200 లీటర్ల నీళ్లు. జీవామృతంలో ఏముందో మా ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు. డబ్బాలో ఏముందో నాకెప్పటికీ తెలియదు. రంగు తేలడానికి వేసే హైడ్రోస్ అనే రసాయనం కలపని నల్లబెల్లం చిత్తూరులో దొరక్కపోదు.

అలాగని ఇంట్లో చేసినవన్నీ పాస్ కావు. పురుగుకు కొట్టే అగ్నిఅస్త్రం కషాయంలో పొగాకు పడుతుంది, బయటి దేశానికి పోయే తోటలో నేను దాన్ని మానేశాను. కోళ్ల ఎరువు మన జిల్లాలో చవకే, కానీ ఫ్యాక్టరీలా నడిచే ఫారాల ఎరువును సేంద్రియ ప్రమాణాలు ఒప్పుకోవు. పచ్చి పేడ వేస్తే అమెరికా నియమం కోతకు ముందు 90 రోజులు, తినే భాగం మట్టికి తగిలే పంటైతే 120 రోజులు ఎడం పెట్టమంటుంది. కాబట్టి తొట్టి కలిపిన రోజు, వేసిన రోజు, ఎంత వేశామో నోటుబుక్కులో రాయాల్సిందే. ఊళ్లో ఎన్‌పీఎం షాపు, అంటే రసాయన పురుగుమందులు లేని సేద్యానికి కషాయాలమ్మే షాపు నుంచి కషాయం తెచ్చుకున్నా అంతే, ఎవరు చేశారో, ఏమేం వేశారో రాయించుకోవాలి.

ఇంటి తొట్టిని పరిశీలించేది ఎవరు? పీజీఎస్-ఇండియా పద్ధతిలో కనీసం ఐదుగురు రైతులు గ్రూపు కట్టి, ఒకరి పొలం ఒకరు చూస్తారు. రాత్రిపూట ఎవరి మోటారు షెడ్డులో ఏ డబ్బా ఉందో ఏజెన్సీ ఇన్‌స్పెక్టరుకు తెలియదు, పక్క చేను రైతుకు తెలుస్తుంది. ఇన్‌స్పెక్టరు ఏడాదికోసారి వస్తారు, మేం రోజూ చూసుకుంటాం. కానీ డబ్బాలో రసాయనం కలిసిందా అన్నది మా గ్రూపులో ఎవరూ చెప్పలేరు, దానికి ల్యాబ్ కావాలి. పీజీఎస్ మన దేశపు మార్కెట్ వరకే, ఎగుమతికి చెల్లదు.

కూరగాయలు పండించి తిరుపతిలో అమ్ముకునే రైతుకు సొంత తొట్టి, నలుగురు కలిసి చూసుకునే గ్రూపు మేలు. ఖర్చు తక్కువ, కొనేవాళ్లు కావాలంటే వచ్చి చూసిపోతారు. పల్ప్ ఫ్యాక్టరీ ద్వారా యూరప్‌కు పోయే మామిడి అయితే నేలకు సొంత జీవామృతం, తప్పనిసరైన ఒకటి రెండు మందులు మాత్రం అనుమతి పత్రం ఉన్నవే కొనాలి, అవి కూడా కొట్టే ముందు ఏజెన్సీని అడిగి. ఒట్టి లేబుల్ నమ్మి కొనడం ఎవరికీ మేలు కాదు, ఎకరా ఉన్నా, పదెకరాలున్నా.

ఈసారి పూతకు ముందే గంధకం ప్యాకెట్ రెండు వైపులా ఫోటో తీసి ఏజెన్సీకి పంపాను. వాడొచ్చు, మోతాదు రాసిపెట్టుకోండి అని జవాబొచ్చింది. వేరుశనగకు తెచ్చిన జిప్సం గురించి కూడా అడిగాం. అది గనిదా, ఫ్యాక్టరీదా అని అమ్మినాయన దగ్గర రాతపూర్వకంగా తెమ్మన్నారు. ఆ కాగితం వచ్చేదాకా మూటలు షెడ్డులోనే ఉంటాయి. వాటి తాడు విప్పొద్దని ఇంట్లో అందరికీ చెప్పాను.