ఆదివారం సంతలో ‘కొత్త వైరింగు’ ఇత్తడి దీపాలు: కొనబోయేవారికి హెచ్చరిక

బెంగళూరులో చిక్‌పేట వైపు ఆదివారం సంతలో పాత టేబుల్ దీపాలు కొనే అలవాటున్నవారు ఒక్క నిమిషం ఆగండి. తళతళలాడేలా తోమి, అడుగున కొత్త మఖమలు గుడ్డ అతికించి, “వైరింగు మొత్తం మార్చాం, ప్లగ్గు పెట్టుకోవడమే ఆలస్యం” అంటూ అమ్ముతున్న ఇత్తడి దీపాల గురించి ఈ మాట. అలాంటిది ఒకటి 2,200 రూపాయలు పెట్టి తీసుకున్నాను. దాని పక్కనే, అదే ఆకారంలో ఉన్న నల్లబడిన దీపం 900. అంత తేడా ఎందుకని అడిగితే “పని ఉంది సార్ ఇందులో” అన్నాడు అమ్మే ఆయన. ఆ పనితనం ఇంట్లో అడుగు విప్పాక బయటపడింది.

గుడ్డ ఊడదీస్తే ఏముంది, పైన పటారం లోన లొటారం. కంటికి కనిపించే వైరు నిజంగానే కొత్తది. అది రంధ్రంలోంచి జానెడు లోపలికి వెళ్లి ఆగిపోయింది. అక్కడ దాన్ని పాత రబ్బరు వైరుతో మెలిపెట్టి, పిల్లల పుస్తకాలకు అట్టలు వేసే ప్లాస్టిక్ టేపు చుట్టారు. పాత వైరు మీది రబ్బరు వేలు తగిలితే చాలు, ఎండిన వడియంలా పొడిపొడిగా రాలుతోంది. లోపలి రాగి తీగ బోసిగా గొట్టానికి ఆనుకుని ఉంది. వైరు దూరే రంధ్రానికి రబ్బరు వలయం లేదు, పదునైన రేకు అంచు వైరును అప్పుడే కోయడం మొదలుపెట్టింది. హోల్డరులోని పింగాణీ పగిలితే ఎంసీల్ ముద్దతో అతికించారు. ప్లగ్గు పెట్టి, దీపాన్ని చేత్తో ముట్టకుండా గొట్టానికి టెస్టరు ఆనిస్తే ఎర్రగా వెలిగింది.

మరి సంతలో వెలిగించి చూపించినప్పుడు ఎవరికీ షాక్ కొట్టలేదే అనవచ్చు. అది రెండు పిన్నుల ప్లగ్గు మహిమ. దాన్ని ఎటు తిప్పి పెట్టినా దూరుతుంది. గొట్టానికి తగిలిన తీగ న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) వైపు పడితే దీపం బుద్ధిగా వెలుగుతుంది. ప్లగ్గు తిరగబడిన రోజున అదే తీగ ఫేజ్ (కరెంటు తెచ్చే తీగ) అవుతుంది, ఇక దీపం ఒళ్లంతా కరెంటే. స్విచ్ న్యూట్రల్ తీగ మీద పడితే, ఆపినా హోల్డరులో కరెంటు అలాగే ఉంటుంది. బల్బు మార్చబోయే మనిషి గతి ఏమిటి?

వెనక్కి తీసుకెళ్తే వచ్చిన జవాబు వినండి: “మీరే విప్పారు కదా సార్, విప్పిన సరుకు వాపసు తీసుకోం.” విప్పకపోతే లోపం కనపడదు, విప్పితే వాపసు లేదు. బిల్లు అడిగితే సంతలో బిల్లేమిటని నవ్వాడు. చిన్న కాగితం మీదైనా ‘ఇత్తడి, కొత్త వైరింగు’ అని రాయించుకుని సంతకం చేయించుకుంటే, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినప్పుడు చూపించడానికి ఆధారమైనా ఉంటుంది.

అన్నట్టు ఈ దీపం 1890 నాటిదట, కంటోన్మెంటులోని ఏదో దొరగారి బంగళా నుంచి వచ్చిందట. శివనసముద్రం నుంచి బెంగళూరుకు కరెంటు వచ్చిందే 1905లో. నూనె దీపాన్ని తర్వాత మార్చారనుకుందామంటే నూనె బుడ్డి ఉండాల్సిన చోటే లేదు. పైగా అడుగున బిగించినవి ప్లస్ గుర్తు స్క్రూలు, అవి బజారులోకి వచ్చింది 1930లలో. కథలు వినడానికి బాగుంటాయి, కథకు ధర కట్టకండి.

ఇత్తడి సంగతీ చెప్పాలి. అయస్కాంతం పెట్టి చూడమంటారు, మంచిదే, కానీ ఎక్కడ పెట్టాలో తెలియాలి. అసలైన ఇత్తడి దీపాల్లోనూ ముక్కలను పట్టి ఉంచడానికి మధ్యలో ఇనుప గొట్టం ఉంటుంది, కాబట్టి కాండం దగ్గర కాస్త లాగితే కంగారు పడనక్కర్లేదు. పళ్లెంలాంటి అడుగు భాగానికి గట్టిగా అంటుకుంటే మాత్రం అది ఇనుము మీద పూత. జింకు, అల్యూమినియం పోతలకు అయస్కాంతం అంటదు, అందుకే అడుగు అంచున కనపడని చోట గీకి చూడాలి, తెల్లగా కనిపిస్తే వదిలేయండి. నాకు అంటగట్టిన దాని అడుగు పూతే. చింతపండు, ఉప్పు వేసి తోమితే ఇత్తడి మెరుస్తుంది, పూత అయితే ఊడి కూర్చుంటుంది.

చేతిలో డబ్బు తక్కువగా ఉంటే నల్లబడినదే కొనండి. మురికి ఏదీ దాచదు, మెరుగు దాస్తుంది. బీవీకే అయ్యంగార్ రోడ్డులో కొత్త పింగాణీ హోల్డరు, ఐఎస్ఐ గుర్తున్న 0.75 చదరపు మిల్లీమీటర్ల మూడు కోర్ల వైరు రెండు మీటర్లు, మూడు పిన్నుల ప్లగ్గు, రబ్బరు వలయం అన్నీ కలిపి నాకు నాలుగు వందలు దాటలేదు. ఆకుపచ్చ తీగను, అంటే ఎర్తును, అడుగున ఉన్న నట్టు కింద, పూత గీకి లోహం తేలిన చోట బిగించాలి. చాలామంది వదిలేసేది ఇదే. ఎర్తు ఉండి, ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) కూడా ఉంటే, లోపలి ఫేజ్ తీగ దీపం లోహానికి తగిలి ఉన్నప్పుడు ప్లగ్గు పెట్టగానే ఆ స్విచ్ ట్రిప్ అవుతుంది. ఎర్తు లేకపోతే ఎవరో ఒకరు ముట్టుకున్నాకే ట్రిప్ అవుతుంది. ఇలాంటి పని చేతకాకపోతే ఎలక్ట్రీషియన్‌కు ఇవ్వండి, ప్రయోగాలు వద్దు. బల్బు 9 వాట్ల ఎల్ఈడీ చాలు, 60 వాట్ల పాత బల్బు వేడికే ఈ వైర్లన్నీ మాడేది.

నేను వెనక్కి ఇవ్వబోయిన రోజున ఆ వరుసలో అలాంటివే ఇంకా ఉన్నాయి, ఆకుపచ్చ గాజు గొడుగులవి. వెళ్లేవారు చిన్న అయస్కాంతం, టెస్టరు, స్క్రూడ్రైవరు జేబులో వేసుకోండి. “అడుగు విప్పి చూసే కొంటాను” అని బేరానికి ముందే చెప్పండి. ఒప్పుకోకపోతే పక్క దుకాణానికి నడవండి.