కుక్క ఉచ్చ వాసనకి ఎంజైమ్ స్ప్రే, ఏడు నెలలు వాడాక నా రివ్యూ (5కి 4 స్టార్లు)

ఒకప్పుడు ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే ఐదు నిమిషాల్లో అటూ ఇటూ సర్దేసి రూమ్ ఫ్రెషనర్ నాలుగు సార్లు కొట్టేసేవాణ్ణి, అయిపోయేది. ఇప్పుడు ఎవరైనా వస్తున్నారంటే లైట్లన్నీ ఆపేసి కర్టెన్లు మూసేసి, ఉచ్చ మరకల్ని వెలిగించి చూపించే యూవీ టార్చ్ పట్టుకుని హాలంతా మోకాళ్ళ మీద పాకుతున్నా. మా ఆవిడ మొదటిసారి చూసి భయపడింది, రెండోసారి తనూ ఇంకో టార్చ్ తెచ్చుకుంది. మా కుక్క పండు గాడికి మాత్రం ఇదేదో ఆట, వీపెక్కి కూర్చుంటాడు.

బ్రాండ్ పేరు రాయట్లేదు, ఎందుకంటే నేను మూడు రకాలు మార్చి మార్చి వాడా, లోపల సరుకు ఇంచుమించు ఒకటే అనిపించింది, తేడా అంతా సెంటులోనూ నాజిల్ లోనూ.

పండు వచ్చినప్పుడు వాడికి రెండు నెలలు. ఆ వయసులో పిల్ల మెలకువగా ఉంటే ఎక్కువసేపు ఆపుకోలేదు, మోటుగా వయసు ఎన్ని నెలలైతే అన్ని గంటలు అని లెక్క వేసుకోండి, పైగా నిద్ర లేవగానే ఓసారి, తినగానే ఓసారి, ఆడి అలిసిపోయాక ఓసారి పక్కా. ఇదేం తెలీకుండా మేం ఇద్దరం "ఇందాకే బయటికి తీసుకెళ్ళాం కదా మళ్ళీ ఎలా పోశాడు" అని వాడి మీద గుర్రుమనడం, మామూలు ఫ్లోర్ క్లీనర్ తో తుడిచేయడం, మర్నాడు వాడు మళ్ళీ అదే సోఫా కాలు దగ్గర కాలెత్తడం (అప్పటికి కాలెత్తడం కూడా రాదులెండి, కూర్చునే పోసేవాడు). వారం పాటు ఇదే తంతు.

అసలు కథేంటంటే మనకి వాసన పోయింది, వాడికి పోలేదు. మన ముక్కులో వాసన పట్టే రిసెప్టర్లు యాభై అరవై లక్షలు అంటారు, కుక్కకి జాతిని బట్టి ముప్ఫై కోట్ల దాకా. మనం నిమ్మకాయ సెంటు కొట్టి ఆహా అనుకుంటుంటే వాడికి దాని కింద "టాయిలెట్ ఇక్కడ" అని బోర్డు కనిపిస్తూనే ఉంది. అమ్మోనియా ఉన్న క్లీనర్లు అయితే ఇంకా దరిద్రం, ఉచ్చ పాతబడ్డాక వచ్చే ఘాటు కూడా అమ్మోనియాదే కాబట్టి కొత్త బోర్డు పెట్టినట్టే. బ్లీచ్ జోలికి అస్సలు పోవద్దు, ఉచ్చలో అమ్మోనియాతో కలిస్తే కళ్ళూ గొంతూ మండించే క్లోరమీన్ ఆవిర్లు వస్తాయి, మూసిన గదిలో డేంజర్.

ఈ ఎంజైమ్ స్ప్రేలు వాసనని కప్పవు, వాసనకి కారణమైన పదార్థాన్నే ముక్కలు చేస్తాయి. కొన్నిట్లో నేరుగా ఎంజైములు ఉంటాయి, కొన్నిట్లో బ్యాక్టీరియా ఉండి అవి ఎంజైములు తయారుచేసుకుంటూ తింటాయి. ఏదైనా సరే పని జరగాలంటే తడిగా ఉండాలి, టైం కావాలి. నేను మొదటి బాటిల్ మొత్తం వేస్ట్ చేసింది ఇక్కడే. కొట్టడం, వెంటనే గుడ్డతో తుడిచేయడం, "ఛీ ఫ్రాడ్ ప్రోడక్ట్" అని ఒక స్టార్ రివ్యూ సగం టైప్ కూడా చేశా. లేబుల్ వెనక చీమంత అక్షరాల్లో పదిహేను నిమిషాలు ఉంచమని రాసుంది, చదివితే కదా.

ఇప్పుడు నా పద్ధతి చెప్తా. ముందు పొడి గుడ్డతో అద్ది వీలైనంత పీల్చేయాలి, రుద్దొద్దు. తర్వాత స్ప్రే తుంపర్లుగా కాదు, తడిసి ముద్దయ్యేలా కొట్టాలి, ఉచ్చ ఎంత లోపలికి దిగిందో మందు కూడా అంత లోపలికి దిగాలి. కార్పెట్ అయితే పైన తడిపితే చాలదు, కింద మెత్త కూడా తడవాలి. పాత మరక అయితే నేను పైన తడిగుడ్డ కప్పి రాత్రంతా వదిలేస్తా. వేడినీళ్ళు, స్టీమ్ వద్దు, ఎంజైములు చచ్చిపోతాయి, మరక కూడా గట్టిపడుతుంది. ముందు వేరే క్లీనర్ వేసి ఉంటే నీళ్ళతో బాగా కడిగాకే ఇది వాడాలి. సోఫా బట్ట మీద అయితే కనపడని మూల ఒకసారి ట్రై చేసి చూస్కోండి, ఒక దిండు నాకు తెల్లగా వెలిసిపోయింది.

లేబుల్ మీద ఇంకో డైలాగు ఉంటుంది, యూరిక్ యాసిడ్ క్రిస్టల్స్ ని కరిగిస్తుంది అని పెద్దక్షరాల్లో. కుక్కల్లో లివర్ యూరిక్ యాసిడ్ ని చాలావరకు అల్లంటోయిన్ అనే, నీళ్ళలో తేలిగ్గా కరిగే పదార్థంగా మార్చేస్తుంది, అంటే మామూలు కుక్క ఉచ్చలో ఆ యాసిడ్ పెద్దగా ఉండదు. డాల్మేషన్ లాంటి కొన్ని జాతులు దానికి మినహాయింపు, వాటి జీన్స్ లోనే ఆ తేడా ఉంది. మా వాడు డాల్మేషన్ కాదు, వాడి మొహానికి జాతి అనేదే లేదు. స్ప్రే పని చేసింది, నాకు ఆ డైలాగే నచ్చలా.

టార్చ్ కూడా కొనండి. యూవీ కాంతి తరంగదైర్ఘ్యం 395 నానోమీటర్లు ఉన్నవి చవగ్గా దొరుకుతాయి, 365వి ఇంకా స్పష్టంగా చూపిస్తాయి. మొదటి రాత్రి వెలిగించగానే పాత మరకలు పసుపుపచ్చగా అక్కడొకటి ఇక్కడొకటి బయటపడ్డాయి, సరే అనుకున్నా, తర్వాత అలమారా తెరిస్తే నా ఆఫీసు చొక్కాలన్నీ కూడా భగభగ వెలుగుతున్నాయి! ఇన్నాళ్ళూ ఇవి వేసుకునే మీటింగుల్లో కూర్చున్నానా అని గుండె ఆగినంత పనైంది. తర్వాత తెలిసింది, బట్టలుతికే డిటర్జెంట్ లో తెల్లగా కనిపించడానికి కలిపే బ్రైటెనర్లు కూడా యూవీలో వెలుగుతాయట. కాబట్టి వెలిగిన ప్రతిదీ కుక్క పని కాదు, ముక్కు పెట్టి చూస్కోండి. అవును, నేను ముక్కు పెట్టి చూస్తున్నా. మనిషి ఎంతకి దిగాడో చూడండి.

ఈ స్ప్రే చేయలేని పని కూడా రాయాలి, అది ట్రైనింగ్. బోర్డు తీసేస్తుంది అంతే, వాణ్ణి టైంకి బయటికి తీసుకెళ్ళాల్సింది మనమే. ఐదింటికి అలారం, గుమ్మం దగ్గర రెడీగా చెప్పులు, బయట పోయగానే అక్కడే నిలబడి "శభాష్ రా నాన్నా" అని పొగడడం, పక్కింటాయన చూస్తున్నా సరే. ఇంట్లో పోస్తే ముక్కు పట్టి మరకకి రుద్దడం లాంటివి చేయొద్దు, వాడికి అర్థమయ్యేది మనం ఉన్నప్పుడు పోయకూడదనే, అప్పుడు సోఫా వెనక దాక్కుని పోస్తాడు. పెళ్ళైన ఇన్నేళ్ళకి పొద్దున్నే నేనూ మా ఆవిడా మాట్లాడుకునే మొదటి మాట "పోశాడా?". రెండో మాట "గట్టిగానే ఉందా?". సినిమా కూడా నిడివి చూసుకుని వెళ్తున్నాం. చక్కగా అలవాటైన కుక్క ఉన్నట్టుండి ఇంట్లో పోయడం మొదలెడితే మాత్రం స్ప్రే కాదు, డాక్టర్ దగ్గరికెళ్ళండి, మూత్రంలో ఇన్ఫెక్షన్ నుంచి షుగర్ దాకా ఏదైనా అవ్వచ్చు.

ఒక స్టార్ ఎందుకు కోశానంటే నాజిల్. మూడు వారాలకే బిగుసుకుపోయింది, తర్వాత పక్క నుంచి కారడం మొదలైంది, ఇప్పుడు వేరే ఖాళీ బాటిల్ మూత బిగించి వాడుతున్నా. ఆ పూల సెంటు ఇంకో బాధ, తుమ్ములొస్తాయి, మా వాడు కూడా తుమ్ముతాడు, సెంటు లేని రకం దొరికితే అదే తీస్కోండి. పెద్ద సైజే తీస్కోండి.

మొన్న మా ఫ్రెండ్ వాళ్ళు కుక్కపిల్లని తెచ్చుకున్నారు. అందరూ బొమ్మలూ మెత్తటి పరుపూ పట్టుకెళ్తే నేను ఈ బాటిలూ టార్చూ పట్టుకెళ్ళా. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. నాలుగో రోజు రాత్రి పదకొండింటికి ఫోన్, హలో కూడా లేదు, "ఎంతసేపు ఉంచాలన్నావ్ రా?"